పటమటకి ఎన్ని పేటెంట్లు?

2022-23లో మన దేశపు పేటెంట్ ఆఫీసు 34,134 పేటెంట్లు మంజూరు చేసింది. ఆ మరుసటి ఏడాది, అంటే 2023-24లో, 1,03,057 మంజూరు చేసింది. ఏడాది తిరిగేసరికి మూడింతలు. ఈ దేశంలో మనుషుల బుర్రలు ఒక్క ఏడాదిలో మూడింతలు పదునెక్కాయా? అదేం లేదు. దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్లని పెంచారు, ఏళ్ళుగా పేరుకుపోయిన ఫైళ్ళ దుమ్ము దులిపారు. ఆఫీసు పని చురుకైంది, సంతోషమే. కానీ ఆ అంకె పేపర్లోకి ఎక్కేసరికి ‘ఆవిష్కరణల్లో దేశం దూకుడు’ అయిపోతుంది. దాని వెనకే రెండో ప్రశ్న వస్తుంది: ఏ రాష్ట్రానికి ఎన్ని? మనం ఎక్కడున్నాం?

నేనుండేది విజయవాడ పటమటలో. ఇంట్లోంచి బయటికొచ్చి నాలుగు సందులు దాటితే ఆటోనగర్. 1960ల్లో మొదలైన ఆ పేటలో చాసీగా వచ్చిన బండి లారీగా బయటికి వెళ్తుంది. లేత్ పనివాళ్ళు, వెల్డర్లు, టింకరింగ్ వాళ్ళు, కమాన్ పట్టీలు కొట్టేవాళ్ళు, పెయింటర్లు... కంపెనీ పుస్తకంలో లేని రిపేరు అక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా ఏదో ఒక షెడ్డులో జరుగుతూనే ఉంటుంది. ‘మనం ఎక్కడున్నాం’ అని ఎవరైనా పేటెంట్ల పట్టిక తెరిచినప్పుడల్లా నాకు ఈ పేట ఆ పట్టికలో ఏ గడిలో ఉంటుందా అనిపిస్తుంది. ఇదేదో గణాంకాల వాళ్ళు తేల్చుకోవాల్సిన సాంకేతిక సమస్యలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఎందుకంటే పట్టికలు ఊరికే వేలాడవు. వాటిని చూసి నిధులు పంచుతారు, ర్యాంకులిస్తారు, పెట్టుబడులు పెడతారు. వాటిని చూసే ఒక ప్రాంతం వాళ్ళని ‘తెలివైనవాళ్ళు’ అనీ, ఇంకో ప్రాంతం వాళ్ళని ‘చెప్పింది చేసుకుపోయేవాళ్ళు’ అనీ అనుకుంటారు. లెక్క కూడా గౌరవాన్ని పంచిపెట్టే ఒక పద్ధతే. ఎవరికి ఎంత పెట్టారో, ఎవరి విస్తరి ఖాళీగా వదిలేశారో అడగాలి కదా.

ముందు ఆ లెక్క ఎలా పడుతుందో చూద్దాం. దేశంలో పేటెంట్ ఆఫీసులు నాలుగు: కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నై. పటమటలో ఎవరైనా దరఖాస్తు పెడితే అది చెన్నై ఖాతాలోకి వెళ్తుంది. రాష్ట్రాల వారీ పట్టికలో దరఖాస్తుదారు చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి ఒకటి కలుస్తుంది. ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో ఆకారం తీసుకుంది అనేది ఆ పట్టికకి అక్కర్లేదు. గుంటూరు జిల్లా పిల్ల బెంగుళూరులో ఓ కంపెనీ ల్యాబులో కూచుని కనిపెట్టింది కర్ణాటక లెక్క. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాదు చిరునామాలన్నీ ఒక్కసారిగా అటు వెళ్ళాయి. ఆ రోజు కృష్ణకి ఇటుపక్కన ఎవరి తెలివీ తగ్గలేదు. చిరునామాలు మారాయి, అంతే.

రెండో సంగతి. దరఖాస్తు వేయడం, అది పబ్లిష్ కావడం, పేటెంట్ మంజూరు కావడం అనేవి మూడు వేరువేరు మెట్లు. దరఖాస్తు వేసిన 18 నెలలకి అది మామూలుగానే జర్నల్లో పబ్లిష్ అవుతుంది. అదనంగా ఫీజు కట్టి ఫారం 9 ఇస్తే ఇంకా ముందే అవుతుంది. అప్పటికి అది కొత్తదో కాదో పరిశీలించినవాళ్ళు ఎవరూ ఉండరు. పరిశీలన కావాలంటే విడిగా అడగాలి, విడిగా డబ్బు కట్టాలి. అడక్కపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

మా అక్క కొడుకు ఇంజనీరింగు ఆఖరి ఏడాదిలో ఉండగా ఒకరోజు ఫోన్ చేసి, “మావయ్యా, నా పేరు మీద పేటెంట్ పబ్లిష్ అయింది” అన్నాడు. చెత్త నిండగానే మెసేజ్ పంపే డబ్బా అది. ఇన్వెంటర్ల జాబితాలో ఎనిమిది పేర్లున్నాయి. అందులో ముగ్గుర్ని వాడు ఎప్పుడూ చూడలేదట. “మరి పరీక్షకి అడుగుతారా?” అన్నాను. “దేనికి మావయ్యా, కాలేజీకి కావల్సింది పబ్లిష్ అవడమే” అన్నాడు. వాడి మాటలో మోసం లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. జాతీయ స్థాయి ర్యాంకుల విధానంలో పబ్లిష్ అయిన పేటెంట్లకీ, మంజూరైన వాటికీ మార్కులున్నాయి. 2021లో విద్యాసంస్థలకి పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గించారు. చవగ్గా దొరికే మార్కుల్ని వదులుకునే కాలేజీ ఎక్కడుంటుంది? ఏదైనా ఒక కొలమానాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే అది కొలమానంగా పనికిరాకుండా పోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రం చెప్తారు. దానికి మా ఇంట్లోనే ఉదాహరణ దొరికింది. ఆ చెత్త డబ్బా మాత్రం డెమో రోజు తర్వాత మళ్ళీ పనిచెయ్యలేదు.

ఇది లెక్కలోకి రాకూడనిది వచ్చిన కథ. రావలసినవి రాని కథ ఇంకా పెద్దది.

మన పేటెంట్ చట్టం మూడో సెక్షన్లో ఏవి ఆవిష్కరణలు కావో ఒక జాబితా ఉంది. వ్యవసాయ పద్ధతులు అందులో ఉన్నాయి. మొక్కలు, విత్తనాలు, వంగడాలు ఉన్నాయి. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. రైతు విత్తనం దాచుకుని మళ్ళీ చల్లుకోగలగడానికి ఆ జాబితా కూడా ఒక కారణం. వంగడాల రక్షణకి 2001లో విడిగా వేరే చట్టం తెచ్చారు, అందులోనూ రైతుకి ఆ హక్కు ఉంచారు. కానీ దీని పర్యవసానం చూడండి. వరి మీద బతికే డెల్టాలో జరిగే అతి ముఖ్యమైన ఆవిష్కరణలన్నీ చట్టం ప్రకారమే లెక్కకి బయట ఉంటాయి. బాపట్ల పరిశోధనా స్థానంలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మనం సాంబ మసూరి అనుకుని తినే అన్నం, దక్షిణాది వంటిళ్ళ రుచినే మార్చేసింది. గోదావరి డెల్టాలోని మార్టేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ ఒడిశా, బెంగాలు దాటి బంగ్లాదేశ్ పొలాల దాకా వెళ్ళింది. పేటెంట్ల పట్టికలో వీటి విలువ సున్నా. మా వాడి చెత్త డబ్బా విలువ ఒకటి.

కొల్లేరు దగ్గరికి వెళ్దాం. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో వరసగా పాతిన కర్రలకో, కట్టిన తాళ్ళకో ప్లాస్టిక్ సంచులు వేలాడుతూ కనిపిస్తాయి. వాటి అడుగున చిల్లులు, లోపల నూనె తీసిన తవుడు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. చెరువులో చల్లేస్తే సగం మేత బురదపాలు. సంచిలో పెడితే వృథా తగ్గుతుంది. సంచి ఎంతసేపటికి ఖాళీ అయిందో చూస్తే చేప ఆకలి తెలుస్తుంది, నీళ్ళు బాగున్నాయో లేదో కూడా తెలుస్తుంది. ఖాళీ ఎరువుల సంచే మేత పెట్టే సాధనం, జబ్బు పట్టించే పరికరం కూడా. దీన్ని వాడుకలోకి తెచ్చింది రైతులే. ఆరు రకాల చేపలు కలిపి పెంచమని శాస్త్రవేత్తలు చెప్తే, మార్కెట్ చూసుకుని రాగండి, బొచ్చె అనే రెండు రకాలకి కుదించుకున్నదీ రైతులే. తర్వాత పరిశోధకులు ఈ చెరువుల దగ్గరికి వచ్చి, ఇక్కడి పద్ధతుల గురించి రాసుకున్నారు. ఎవరో ఒక రైతు ఏదో ఒక పొద్దున మొదటి సంచికి మొదటి చిల్లు పొడిచి ఉంటాడు. ఆ పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు.

ఇక ఆటోనగర్ సంగతి. నాకు తెలిసిన ఒక మేస్త్రి గారున్నారు, బాడీ బిల్డింగ్ పని. కొల్లేరు చేప మంచు పెట్టెల్లో బెంగాలు, అస్సాం దాకా లారీల మీద పోతుంది. దారిలో మంచు కరిగి, ఆ ఉప్పు నీళ్ళు, చేప నీళ్ళు బాడీ అడుగున నిలిచి, కారి, చాసీ తుప్పు పట్టేది. ఆయన అడుగు రేకుకి కొంచెం వాలు ఇచ్చి, నీళ్ళు ఒక మూలకి చేరేలా చేసి, అక్కణ్ణించి చాసీకి తగలకుండా కిందికి గొట్టం దింపారు. చెప్తే ఇంతే. కానీ సరుకు బరువుకి ఆ వాలు అణిగిపోకుండా కింద బద్దీలు ఎంత దూరంలో వెయ్యాలో తేల్చుకోవడానికి ఆయనకి చాలా బళ్ళు పట్టాయి. కొన్నాళ్ళకి పక్క షెడ్లలోనూ అదే వాలు, అదే గొట్టం. “కాపీ కొట్టారని కోపం రాలేదా మేస్త్రి గారూ?” అంటే నవ్వారు. “నేను మాత్రం ఎక్కడ నేర్చుకున్నానండీ? చిన్నప్పుడు ఇంకో షెడ్డులో నిలబడి చూసేగా!”

ఆయన పేటెంట్ ఎందుకు తీసుకోలేదు? వ్యక్తి ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే ఫీజు 1,600 రూపాయలు, పరిశీలనకి 4,000. అది కట్టలేక కాదు. పేటెంట్ ఏజెంటు ఫీజు దానికి ఎన్నో రెట్లుంటుంది, అదొకటి. ఇంకొకటి, ఆ లారీ రోడ్డెక్కిన రోజే చట్టం దృష్టిలో కొత్తదనం పోయింది. నలుగురి కళ్ళ ముందు వాడకంలోకి వచ్చేశాక దరఖాస్తు పెడితే అది కొత్తది కాదంటారు. ‘పేటెంట్’ అనే మాటకి మూలంలో అర్థం తెరిచి ఉంచిన పత్రం. మన ‘ఆవిష్కరణ’కీ అదే ధ్వని. పుస్తకానికీ ఆవిష్కరణే, విగ్రహానికీ ఆవిష్కరణే, ఉన్నదాని మీద తెర తియ్యడం. మేస్త్రి గారి లారీ జాతీయ రహదారి మీద కోల్‌కతా దాకా తెరిచి ఉన్న పత్రమే. కాకపోతే దాన్ని చదివినవాళ్ళు చెన్నై ఆఫీసులో లేరు. జర్మనీలోనో చైనాలోనో అయితే ఇలాంటి చిన్న మెరుగుదలలకి ‘యుటిలిటీ మోడల్’ అని తేలికపాటి రక్షణ ఉంది. మన దేశంలో ఆ తరగతే లేదు. అంటే అదే వాలు, అదే గొట్టం అక్కడైతే ఒకటి అని లెక్క పడడానికి దారి ఉంది, ఇక్కడ లేదు.

లెక్కకి బయట ఉండటం కొత్త సంగతేమీ కాదు. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శన జాబితాల్ని పెట్రా మోసర్ అనే ఆర్థిక చరిత్రకారిణి తిరగేసి చూస్తే, బ్రిటన్ తరఫున పెట్టిన కొత్త వస్తువుల్లో పేటెంట్ ఉన్నవి సుమారు 11 శాతమే అని తేలింది. స్విట్జర్లాండుకి అప్పటికి సరైన పేటెంట్ చట్టమే లేదు, అయినా వాళ్ళ గడియారాలు బాగానే నడిచాయి.

ఒక్కోసారి లెక్క తప్పడమే కాదు, తలకిందులవుతుంది. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రాలు ముందు పెట్టి వాదిస్తే 1997లో రద్దు చేశారు. ఆ రెండేళ్ళూ ప్రాంతాల వారీ పట్టిక వేసి ఉంటే, పసుపు విషయంలో మిసిసిపీకి ఒకటి, పసుపు యార్డుకి పేరుపడ్డ మన దుగ్గిరాలకి సున్నా. వేలు తెగితే పసుపు అద్దిన మన అమ్మమ్మలు ఆ పట్టిక ప్రకారం ఏమీ కనిపెట్టనివాళ్ళు, ఏమీ తెలియనివాళ్ళు.

ఇంకో మెలిక ఉంది. పేటెంట్లు లేకపోవడం వల్లే ఎదిగిన పరిశ్రమ మన కళ్ళ ముందే ఉంది. 1970లో చేసి 1972లో అమల్లోకి తెచ్చిన చట్టం మందు మీద పేటెంట్ తీసేసి, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంచింది. 2005 దాకా అదే నడిచింది. ప్రకాశం బ్యారేజీ దాటగానే తగిలే తాడేపల్లిలో పుట్టిన కె. అంజిరెడ్డి గారు హైదరాబాదులో ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టింది ఆ వాతావరణంలోనే. తెలిసిన మందుని వేరే దారిలో, తక్కువ ఖర్చుతో తయారుచెయ్యడం ఆ రోజుల్లో హైదరాబాదు రసాయనశాస్త్రజ్ఞుల నేర్పు. ప్రపంచ పేటెంట్ల పట్టికలో అది ‘అనుకరణ’ కిందికి వస్తుంది. మాత్ర కొనుక్కోగలిగిన రోగి దృష్టిలో అది ఏ కిందికి వస్తుంది?

ఇంతవరకూ చదివి, పేటెంట్లు దొంగ లెక్క, మన మేస్త్రులే అసలు శాస్త్రవేత్తలు అని చప్పట్లు కొట్టేస్తే తేలిగ్గా ఉంటుంది. ఆ తేలిక మీద నాకు అనుమానం ఉంది.

పేటెంట్ అంటే ఒక ఒప్పందం. ‘నీకు తెలిసింది అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టు, 20 ఏళ్ళు నీ హక్కు కాపాడతాం’ అనే ఒప్పందం. రాసి పెట్టకపోతే ఏమవుతుందో ఆటోనగర్లో అడగండి. మంచి పనివాడు పోతే వాడి పని వాడితోనే పోతుంది. మేస్త్రి గారి అబ్బాయి ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు, వేరే ఊళ్ళో వేరే ఉద్యోగం. ఒకసారి మేస్త్రి గారు షెడ్డు పెంచుదామని అప్పుకి వెళ్తే, వచ్చినవాళ్ళు లేత్ మిషన్ వయసు రాసుకున్నారు, స్థలం కాగితాలు అడిగారు. ఈయన కనిపెట్టినవాటికి ఆ ఫారంలో గడి లేదు. ‘అందరూ వాడుకుంటున్నారు, అదే ఆనందం’ అనడం వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట ఆయన అనాలి. ఆయన తరఫున మనం అనేస్తే అది దోపిడీకి పూసే గంధం అవుతుంది. చింతకింది మల్లేశం గారు తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. ఆ యంత్రానికి పేటెంట్ వచ్చింది, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. చేనేత ఇళ్ళలో ఆడవాళ్ళు రోజుకి వేలసార్లు చెయ్యి ఆడించే అవస్థ తగ్గింది. అక్కడ పేటెంట్ ఆయన పేరుని యంత్రానికి అంటిపెట్టి ఉంచింది. అలాంటి కాగితం విలువలేనిదని ఎలా అంటాం?

పేటెంట్ సంఖ్యల్ని జీవితమంతా తవ్విన ఆర్థికవేత్త జ్వి గ్రిలిచెస్ 1990లో రాసిన పెద్ద సమీక్షలో తేల్చింది కూడా ఇంచుమించు ఇదే: ఆవిష్కరణలన్నీ పేటెంట్లు కావు, పేటెంట్ల విలువలన్నీ ఒకటి కావు, అయినా ఇంత పొడుగు కాలానికి, ఇంత వివరంగా దొరికే ఆధారం ఇంకోటి లేదు. దీపం ఉన్నచోటే వెతుకుతున్నాం. వెతకొద్దని నేను అనను. పోయినవన్నీ దీపం కిందే పోయాయని మాత్రం అనుకోవద్దంటాను.

లెక్కలోకి రానిదల్లా పవిత్రమైనదీ కాదు. కొల్లేరు చేపల సాగు ఎంత చురుకైన బుర్రల పనో, సరస్సుని అంత తినేసింది కూడా. 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో లోపలి చెరువుల గట్లు తెంచాల్సి వచ్చింది. సంచికి చిల్లు పెట్టిన తెలివీ, సరస్సులో గట్టు వేసిన అత్యాశా ఒకే ప్రాంతంలో ఇరుగుపొరుగున ఉన్నాయి. ‘ఎన్ని కనిపెట్టారు?’ అనే ప్రశ్న ఈ రెండింటికీ మధ్య తేడా చెప్పలేదు.

మరి ఏ ప్రశ్న చెప్తుంది? విచిత్రంగా దాని జాడ పేటెంట్ చట్టంలోనే ఉంది. పేటెంట్ పొందినవాళ్ళు ఫారం 27 అని ఒకటి దాఖలు చెయ్యాలి. నువ్వు పేటెంట్ తీసుకున్నది ఈ దేశంలో వాడకంలో ఉందా, లేదా అని అది అడుగుతుంది. 2012లో బేయర్ కంపెనీ కేన్సర్ మందు నెక్సావర్ కేసులో ఈ ప్రశ్నే పెద్దదైంది. నెలకి సుమారు 2,80,000 రూపాయలయ్యే మందు మన రోగుల్లో కొద్దిమందికే అందుతోందని, అదే మందు నెలకి 8,880కి మించకుండా అమ్మేలా హైదరాబాదు నాట్కో సంస్థకి కంపల్సరీ లైసెన్సు ఇచ్చారు. పట్టికలో ఆ పేటెంట్ బేయర్‌దే. మందు రోగి ఇంటి దాకా ఎలా వెళ్ళిందన్నది వేరే లెక్క.

ప్రాంతాల్ని కొలిచేవాళ్ళు ఆ ఫారం 27 ప్రశ్నని ఊళ్ళకీ వెయ్యాలని నా కోరిక. ఇక్కడ పుట్టినవాటిలో ఏవి జనం వాడకంలో ఉన్నాయి? ఎంత దూరం వెళ్ళాయి? చేసినవాళ్ళకి అందులో ఏం దక్కింది? దానివల్ల ఎవరికైనా, దేనికైనా నష్టం జరిగిందా? వీటికి జవాబులు పట్టికలో ఒక గడిలో పట్టవు. షెడ్లకి వెళ్ళాలి, చెరువు గట్ల మీద నిలబడాలి, పేర్లు అడిగి రాసుకోవాలి. ఖర్చుతో, ఓపికతో కూడిన పని. అంత ఓపిక లేనప్పుడు కనీసం పట్టిక కింద ఒక వాక్యం రాయాలి: ‘ఇది సొంతదారుల లెక్క, తెలివి లెక్క కాదు, వంగడాలు, సాగు పద్ధతులు, షెడ్డు పనులు ఇందులో కలపలేదు’ అని. లెక్కపెట్టే హక్కు ఉన్నవాడికి వదిలేసిందేమిటో చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంటుంది.

మా అక్క కొడుకు మొన్న ఇంకో ఐడియా ఉందన్నాడు. చేప లారీ బాడీలో ఎక్కడ ఎంత వేడుందో చూపించే చిన్న పరికరం. “దీనికైనా సరిగ్గా పేటెంట్ వెయ్యనా మావయ్యా?” అన్నాడు. వెయ్యమన్నాను. దానికంటే ముందు మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళి, అది ఆ లారీలో అస్సాం దాకా వెళ్ళి పనిచేస్తూ తిరిగొస్తుందో లేదో కనుక్కోమన్నాను. లారీ రోడ్డెక్కకముందే దరఖాస్తు పెట్టమని కూడా చెప్పాను. ఇన్వెంటర్ల జాబితాలో ఎనిమిది పేర్లు అక్కర్లేదు. మేస్త్రి గారు ఏదైనా ఉపాయం చెప్తే మాత్రం ఆయన పేరు ఉండాలి.